పెరుగుతో ముసలితనాన్ని ఆపొచ్చన్న నోబెల్ శాస్త్రవేత్త.. 71 ఏళ్లకే కన్నుమూత.. ఇంతకీ మెచ్నికాఫ్ చెప్పింది తప్పా, ఒప్పా?

మెడికల్ షాపుకెళ్తే ప్రోబయాటిక్ క్యాప్సూల్స్.. సూపర్ మార్కెట్‌కెళ్తే చిన్న సీసాల్లో పులిసిన పాల డ్రింకులు.. ఫోన్ తెరిస్తే పేగులు బాగుంటే వయసు కనిపించదంటూ రీల్స్. ఇదంతా ఈ మధ్యే పుట్టిన ట్రెండ్ అనుకుంటే పొరపాటే. ఈ కథ మొదలై 120 ఏళ్లు దాటింది. దీనికి మూలం ఒకే ఒక్క మనిషి.. ఎలీ మెచ్నికాఫ్.

ముసలితనం అనేది తలరాత కాదని, దాన్ని కూడా ఒక జబ్బులాగా పరిశోధించాలని చెప్పిన శాస్త్రవేత్త ఆయన. వృద్ధాప్యాన్ని అధ్యయనం చేసే శాస్త్రానికి జెరంటాలజీ అని 1903లో పేరు పెట్టింది కూడా ఆయనే. విచిత్రం ఏంటంటే.. ఎక్కువ కాలం బతకడం ఎలాగో ప్రపంచానికి చెప్పిన ఇదే మనిషి, వయసులో ఉన్నప్పుడు రెండుసార్లు బతుకే వద్దనుకున్నారు.

కుదురులేని కుర్రాడు.. రెండేళ్లలో డిగ్రీ

మెచ్నికాఫ్ 1845 మే నెలలో పుట్టారు. ఊరు ఖార్కివ్‌కి దగ్గర్లోని ఒక పల్లె. అప్పట్లో అది రష్యా సామ్రాజ్యం, ఇప్పుడు ఉక్రెయిన్. తండ్రి రష్యా చక్రవర్తి అంగరక్షక దళంలో అధికారి. తల్లి యూదు మూలాలున్న కుటుంబం నుంచి వచ్చారు. ఐదుగురు పిల్లల్లో ఈయనే చివరివాడు. చిన్నప్పుడు ఒక్కచోట కూర్చునే రకం కాదు. చెట్లు, పురుగులు, చెరువులో జీవులు.. ఇవే లోకం.

ఖార్కివ్ యూనివర్సిటీలో నాలుగేళ్ల కోర్సును రెండేళ్లలోనే పూర్తి చేసేశారు. తర్వాత జర్మనీ, ఇటలీ వెళ్లి సముద్ర జీవుల మీద పరిశోధనలు చేశారు. పాతికేళ్ల వయసుకే ఒడెస్సా యూనివర్సిటీలో జంతుశాస్త్ర ప్రొఫెసర్ అయ్యారు. చదువులో అంతా సూపర్ ఫాస్ట్. కానీ ఇంట్లో మాత్రం కష్టాలే.

పెళ్లి మండపానికి కుర్చీలో మోసుకొచ్చారు

1869లో లుడ్మిలాతో ఆయన పెళ్లి జరిగింది. అప్పటికే ఆమెకు క్షయ. నడిచే ఓపిక లేక, పెళ్లికి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. ఆమెను బతికించుకోవాలని మెచ్నికాఫ్ చేయని ప్రయత్నం లేదు. చలి తక్కువుండే ప్రాంతాలకు తీసుకెళ్లారు. వైద్య ఖర్చుల కోసం అదనంగా పనిచేశారు. మైక్రోస్కోప్‌లో గంటల తరబడి చూసి చూసి కళ్లు కూడా దెబ్బతిన్నాయి. అయినా ఫలితం దక్కలేదు. 1873లో మదీరా దీవిలో లుడ్మిలా చనిపోయారు.

ఆ దెబ్బకు మెచ్నికాఫ్ పూర్తిగా కుంగిపోయారు. ప్రాణం తీసుకునేందుకు ప్రయత్నించి బతికిపోయారు. ఆయన రెండో భార్య ఓల్గా తర్వాత రాసిన జీవిత చరిత్రలో ఈ సందర్భం గురించి ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. ఆ రాత్రి ఒక దీపం చుట్టూ తిరుగుతున్న పురుగులు ఆయన కంట పడ్డాయట. కొన్ని గంటలే బతికే ఈ పురుగులకు ప్రకృతి నియమాలు ఎలా వర్తిస్తాయి అన్న ప్రశ్న బుర్రలో మెదిలింది. అంతే.. చావు ఆలోచన పక్కకు పోయి, సైన్స్ ఆలోచన వచ్చి కూర్చుంది. ఒక జీవి ఆయుష్షు ఎంతుండాలో ఏది నిర్ణయిస్తుంది? జీవితాంతం ఆయన వెంట నడిచిన ప్రశ్న ఇదే.

1875లో ఓల్గాను పెళ్లి చేసుకున్నారు. ఐదేళ్లకు ఆమెకు టైఫాయిడ్ వచ్చింది, పరిస్థితి సీరియస్. మళ్లీ అదే భయం. ఇటు యూనివర్సిటీలో రాజకీయాలు, అటు గుండె దడ, నిద్రలేమి. ఈసారి తన ఒంట్లోకి తానే జ్వర రోగి రక్తాన్ని ఎక్కించుకున్నారు. ఆ జ్వరం రక్తం ద్వారా అంటుకుంటుందో లేదో తెలుసుకునే ప్రయోగం అన్నది పైకి కారణం. పోతే పోనీ అన్నది లోపలి కారణం. జ్వరం వచ్చింది, చావు అంచుదాకా వెళ్లారు.. కానీ మళ్లీ బతికారు. ఓల్గా కూడా కోలుకున్నారు. లేచి కూర్చున్న మెచ్నికాఫ్ మాత్రం పాత మనిషి కాదు. అప్పటిదాకా బతుకంతా దుఃఖమే అనుకున్న ఆయన, ఆ తర్వాత బతుకు మీద ఆశ పెంచుకున్నారు.

గులాబీ ముల్లు చెప్పిన రహస్యం

1882లో ఒడెస్సా యూనివర్సిటీ ఉద్యోగానికి రాజీనామా చేసి కుటుంబంతో ఇటలీలోని మెసీనాకి వెళ్లారు. ఓల్గా తల్లిదండ్రులు చనిపోవడంతో ఆమె తమ్ముళ్లు, చెల్లెళ్ల బాధ్యత కూడా వీళ్ల మీదే ఉంది. ఒకరోజు ఇంట్లో వాళ్లంతా కోతుల విన్యాసాలు చూద్దామని సర్కస్‌కు వెళ్లారు. మెచ్నికాఫ్ ఒక్కరే ఇంట్లో మైక్రోస్కోప్ ముందు కూర్చున్నారు. చూస్తున్నది సముద్ర నక్షత్రం పిల్లను. దాని ఒళ్లు గాజులా పారదర్శకంగా ఉంటుంది, లోపల కదిలే కణాలు కనిపిస్తాయి.

అప్పుడే ఒక ఆలోచన మెరిసింది. ఈ కదిలే కణాలు ఊరికే తిరగట్లేదేమో.. బయటి నుంచి వచ్చే శత్రువుల మీద కాపలా కాస్తున్నాయేమో? తోటలోకి వెళ్లి గులాబీ ముళ్లు తెచ్చి ఆ పిల్ల జీవుల ఒంట్లో గుచ్చారు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే చూస్తే.. ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. మనకు ముల్లు గుచ్చుకుంటే చుట్టూ వాచి చీము పట్టేది ఇందుకే అని ఆయనకు అర్థమైంది. శత్రువును మింగేసే ఈ కణాలకు ఫాగోసైట్ అన్న పేరు వచ్చింది. గ్రీకులో దాని అర్థం తినే కణం. తెలుగు పాఠ్యపుస్తకాల్లో భక్షక కణాలు అని చదువుకునేది వీటి గురించే.

ఈరోజు ఇమ్యూనిటీ అనే మాట పిల్లల నోట కూడా వినిపిస్తోంది. కానీ అప్పట్లో ఈ సిద్ధాంతాన్ని జర్మనీ శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. రోగాలతో పోరాడేది కణాలు కాదు, రక్తంలోని ద్రవ పదార్థాలు అన్నది వాళ్ల వాదన. పాతికేళ్లు ఈ గొడవ నడిచింది. చివరికి తేలిందేంటంటే.. ఇద్దరూ కరెక్టే. కణాలూ పనిచేస్తాయి, యాంటీబాడీలూ పనిచేస్తాయి. అందుకే 1908 నోబెల్ బహుమతిని మెచ్నికాఫ్‌కి, అవతలి వర్గానికి చెందిన పాల్ ఎర్లిక్‌కి కలిపి ఇచ్చారు.

భారత్‌తో ఉన్న లింక్ ఇదే

1886లో ఒడెస్సాలో బ్యాక్టీరియా పరిశోధన కేంద్రానికి మెచ్నికాఫ్ డైరెక్టర్ అయ్యారు. అక్కడ కూడా ఇబ్బందులే. ఆయన లేని సమయంలో సిబ్బంది వేసిన టీకా వికటించి వేల గొర్రెలు చనిపోయాయి. దాంతో 1888లో ప్యారిస్ చేరుకున్నారు. లూయీ పాశ్చర్ ఆయనను ఆదరించి, కొత్తగా కట్టిన పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ ఇచ్చారు. అక్కడే 28 ఏళ్లు, అంటే చనిపోయేదాకా పనిచేశారు.

ఒడెస్సాలో ఆయన దగ్గర చదువుకున్న వాల్డెమార్ హాఫ్‌కిన్ కూడా గురువు వెనకే ప్యారిస్ వచ్చారు. కలరా టీకా తయారుచేసి, 1893లో భారత్ వచ్చి వేల మందికి వేసింది ఈ హాఫ్‌కినే. తర్వాత బొంబాయిలో ప్లేగు టీకా కూడా తయారుచేశారు. ముంబైలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ ఆయన పేరు మీదే ఉంది. అంటే మెచ్నికాఫ్ శిష్యుడి చేతి వల్ల మన దేశంలో ఎన్నో ప్రాణాలు నిలబడ్డాయి.

కలరా క్రిములు తాగేశారు

1892లో ఫ్రాన్స్‌లో కలరా వచ్చింది. ఒకే నీళ్లు తాగినా కొందరికే ఎందుకు వస్తోంది? ఇది తేల్చడానికి మెచ్నికాఫ్ ఏకంగా కలరా క్రిములను తాగేశారు. ఆయనకు ఏమీ కాలేదు. ముందుకొచ్చిన మరో వ్యక్తికీ ఏమీ కాలేదు. కానీ ఇంకొకరు మాత్రం చావు దాకా వెళ్లి బయటపడ్డారు. ఇప్పుడైతే ఇలాంటి ప్రయోగానికి ఏ ఎథిక్స్ కమిటీ కూడా ఒప్పుకోదు.

అయితే ఈ ప్రయోగం ఆయనకు ఒక దారి చూపించింది. పేగుల్లో అప్పటికే ఉన్న సూక్ష్మజీవుల్లో కొన్ని కలరా క్రిమిని పెరగనివ్వవు, మరికొన్ని దానికి సాయం చేస్తాయి అని ఆయనకు అనిపించింది. మంచి బ్యాక్టీరియా, చెడు బ్యాక్టీరియా అని ఇవాళ యాడ్స్‌లో వినిపించే ఆలోచనకు పునాది ఇక్కడే పడింది.

ముసలితనానికి కారణం పెద్ద పేగా?

50 ఏళ్లు దాటాక మెచ్నికాఫ్ దృష్టి మొత్తం వృద్ధాప్యం మీదకు మళ్లింది. అప్పట్లో ఫ్రాన్స్‌లో సగటు ఆయుష్షు 50 ఏళ్ల లోపే. ఆయన కట్టిన సిద్ధాంతం ఇలా ఉంటుంది. పెద్ద పేగులో ఆహారం నిల్వ ఉండి కుళ్లుతుంది. ఆ కుళ్లు నుంచి పుట్టే విషాలు రక్తంలో కలిసి అవయవాలను బలహీనపరుస్తాయి. అలా నీరసించిన కణాలను ఫాగోసైట్లు తినేస్తాయి. జుట్టు తెల్లబడేది కూడా వెంట్రుకల్లోని రంగును ఈ కణాలు తినడం వల్లే అని రాశారు. రక్షించాల్సిన కాపలావాడే ఇల్లు దోచుకోవడం అన్నమాట.

మరి దీనికి విరుగుడు? బల్గేరియా పల్లెల్లో నూరేళ్లు దాటినవాళ్లు ఎక్కువని, వాళ్లు పులిసిన పాలు బాగా తాగుతారని ఆయన విన్నారు. 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా యువ వైద్యుడు జెనీవాలో ఆ పెరుగులోని బ్యాక్టీరియాను గుర్తించారు. అదే తర్వాత లాక్టోబాసిల్లస్ బల్గారికస్‌గా పేరు పొందింది. ఈ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది, ఆమ్లం ఉన్నచోట కుళ్లు పుట్టదు.. కాబట్టి పెరుగు తింటే పేగులో కుళ్లు ఆగుతుంది, ముసలితనం ఆలస్యమవుతుంది అన్నది మెచ్నికాఫ్ లెక్క.

1904లో ప్యారిస్‌లో వృద్ధాప్యం మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసం పత్రికల్లోకి ఎక్కింది. ఇంకేముంది.. అప్పటి భాషలో చెప్పాలంటే సంచలనం, ఇప్పటి భాషలో చెప్పాలంటే వైరల్. యూరప్‌లో, అమెరికాలో జనం పులిసిన పాల కోసం ఎగబడ్డారు. మందుల షాపుల్లో పెరుగు బ్యాక్టీరియా బిళ్లలు, పొడులు అమ్మకానికొచ్చాయి. ప్రకటనల్లో ఆయన పేరు వాడుకున్నారు. డబ్బు కోసమే ఇలా చెబుతున్నారన్న విమర్శలు కూడా ఆయన ఎదుర్కోవాల్సి వచ్చింది. సప్లిమెంట్ వ్యాపారానికి ఇవి తొలి రోజులు.

నిజానికి 1907లో వచ్చిన తన పుస్తకంలో ఆయన పెరుగును మంత్రంలా చూపించలేదు. పెరుగు పాత్ర గురించి ఆశతోనే రాసినా, దీర్ఘాయువుకు మితాహారం, శుభ్రత, మద్యానికి దూరం లాంటివన్నీ కావాలని చెప్పారు. ఈ జీవన విధానానికి ఆర్థోబయోసిస్ అని పేరు పెట్టారు. అంటే సరైన పద్ధతిలో బతకడం. మనిషి నిండుగా బతికితే, చివరికి అలసిన మనిషికి నిద్ర వచ్చినట్టు మరణం కూడా భయం లేకుండా వస్తుందన్నది ఆయన నమ్మకం. కానీ జనానికి చేరింది మాత్రం ఒక్క ముక్కే.. పెరుగు తింటే ముసలితనం రాదు.

ఆయన సొంత లైఫ్‌స్టైల్ ఎలా ఉండేది?

చెప్పింది తానూ పాటించారు మెచ్నికాఫ్. రోజూ పులిసిన పాలు తాగేవారు. మద్యం, పొగ తాగేవారు కాదు. పచ్చివి అస్సలు ముట్టేవారు కాదు, పండ్లను కూడా మరిగిన నీళ్లలో ముంచాకే తినేవారు. క్రిములంటే అంత జాగ్రత్త.

1909లో టాల్‌స్టాయ్ ఇంటికి వెళ్లి ఆయన్ని కలిశారు. వీళ్లిద్దరి మధ్య ఇంకో కనెక్షన్ కూడా ఉంది. టాల్‌స్టాయ్ రాసిన ఇవాన్ ఇల్యిచ్ మరణం కథకు ప్రేరణ మెచ్నికాఫ్ సొంత అన్న ఇవాన్. ఆయన 1881లో జబ్బుచేసి చనిపోయారు. చావు గురించి ఒకరు సాహిత్యంలో వెతికారు, ఇంకొకరు ల్యాబ్‌లో వెతికారు.

1913 నుంచి మెచ్నికాఫ్‌కి గుండె ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం. ల్యాబ్‌లో పనిచేసే కుర్రాళ్లంతా యుద్ధానికి వెళ్లిపోయారు. ప్రాణాలు నిలబెట్టేందుకు జీవితం ధారపోసిన మనిషికి, రోజూ వేల మంది యువకులు చనిపోతున్న వార్తలు వినడం నరకమైంది. 1916 జులైలో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోనే గుండె వైఫల్యంతో కన్నుమూశారు. వయసు 71. తన శరీరాన్ని పరీక్షించి పేగుల పరిస్థితి ఎలా ఉందో చూడమని ముందే తోటి శాస్త్రవేత్తకు చెప్పి వెళ్లారు. ఆయన అస్థికలను ఆ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలోనే ఉంచారు.

తప్పెక్కడ.. ఒప్పెక్కడ?

నూరేళ్లు బతకాలన్న మనిషి 71కే పోయారంటే సిద్ధాంతం ఫెయిలైనట్టేనా? అలా ఒక్క మనిషిని చూసి సైన్స్ తీర్పు చెప్పదు. ఒకరు పెరుగు తిని 71కి పోతే పెరుగు తప్పని కాదు, ఇంకొకరు తిని 100 దాటితే అది పెరుగు వల్లేనని కూడా కాదు. అందుకే ఆయన చెప్పినవాటిని విడివిడిగా చూడాలి.

ముందుగా తప్పులు. బల్గేరియా పల్లెల్లో నూరేళ్ల వాళ్ల లెక్కలకు గట్టి ఆధారం లేదు. పుట్టిన తేదీ రికార్డులు సరిగా లేని చోట వయసు ఎక్కువ చెప్పుకోవడం మామూలే. వాళ్లు పెరుగు తింటారు కాబట్టే ఎక్కువ బతికారనడానికీ రుజువు లేదు. పల్లెటూరి శారీరక శ్రమ, తిండి, గాలి.. ఇవేవీ ఆయన వేరుచేసి చూడలేదు.

రెండోది, 1920లలో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు చేసిన పరీక్షల్లో బల్గారికస్ బ్యాక్టీరియా మనిషి పేగుల్లో స్థిరపడదని తేలింది. వచ్చి వెళ్లిపోయే చుట్టమే తప్ప ఇంట్లో మనిషి కాదు.

మూడోది, పెద్ద పేగు పనికిరానిది కాదు. మనం అరిగించుకోలేని పీచును అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి, పేగు కణాలకు తిండిగా ఉపయోగపడే ఆమ్లాలు తయారుచేస్తుంది. కానీ పేగులో విషం పుడుతుందన్న సిద్ధాంతం ఎంత దూరం వెళ్లిందంటే, లండన్‌లో అర్బత్‌నాట్ లేన్ అనే ప్రముఖ సర్జన్ మలబద్ధకం ఉన్నవాళ్లకు ఏకంగా పెద్ద పేగునే కోసి తీసేశారు. కొందరు ప్రాణాలు కూడా కోల్పోయారు. సగం తెలిసిన సైన్స్‌ను పూర్తి సత్యంగా నమ్మితే ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. బాడీ డీటాక్స్ పేరుతో ఇప్పుడు అమ్ముతున్న చాలా ప్యాకెట్ల వెనక ఉన్నది కూడా ఈ పాత ఆలోచనే.

ఇక ఒప్పులు. పేగుల్లోని సూక్ష్మజీవులకూ వృద్ధాప్యానికీ సంబంధం ఉందన్న ఆయన మూల ఆలోచన ఇప్పుడు పెద్ద పరిశోధనా రంగం. 2021లో జపాన్ శాస్త్రవేత్తలు నూరేళ్లు దాటిన 160 మందిని పరీక్షిస్తే, హానికర క్రిములను అడ్డుకునే ప్రత్యేక పదార్థాలు తయారుచేసే బ్యాక్టీరియా వాళ్ల పేగుల్లో ఎక్కువగా కనిపించింది. అయితే అది ఉండటం వల్ల ఎక్కువ బతికారా, ఎక్కువ బతకడం వల్ల అది ఉందా అన్నది ఇంకా తేలలేదు.

అదే ఏడాది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ 36 మందితో ఒక ప్రయోగం చేసింది. పెరుగు లాంటి పులిసిన ఆహారాన్ని 10 వారాలు ఎక్కువగా తిన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి. రక్తంలో వాపును సూచించే 19 ప్రోటీన్లు తగ్గాయి. వయసుతో పాటు ఒంట్లో నెమ్మదిగా పెరిగే ఇలాంటి వాపే అనేక జబ్బులకు కారణమని నేటి సైన్స్ అంటోంది. రోగనిరోధక కణాలే వృద్ధాప్యంలో ఒంటికి హాని చేస్తాయన్న మెచ్నికాఫ్ ఊహ, వేరే రూపంలో తిరిగొచ్చిందన్నమాట. కాకపోతే ఇది చిన్న ప్రయోగం, ఆయుష్షు పెరుగుతుందని నిరూపించలేదు.

2024 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ ఇంకో అడుగు వేసింది. వారానికి కనీసం రెండు కప్పుల పెరుగు తింటే టైప్ 2 డయాబెటిస్ ముప్పు తగ్గే అవకాశం ఉందని, అయితే ఆధారాలు పరిమితమేనని కంపెనీలు ప్యాక్‌ల మీద రాసుకునేందుకు అభ్యంతరం లేదని చెప్పింది. పరిమితం అన్న మాట కూడా తప్పనిసరిగా రాయాల్సిందే.

క్యాప్సూల్స్ కొనాలా మరి?

మెచ్నికాఫ్ తర్వాత ఆయన బాటలో చాలామంది నడిచారు. 1919లో ఐజాక్ కరాసో బార్సిలోనాలో పెరుగు తయారీ మొదలుపెట్టి దానికి కొడుకు డేనియల్ ముద్దుపేరు పెట్టారు. అదే డానోన్. మొదట్లో అది మందుల షాపుల్లోనే అమ్మేవారు. జపాన్‌లో మినోరు షిరోటా పరిశోధన నుంచి 1935లో యాకుల్ట్ వచ్చింది. ఇప్పుడిది వేల కోట్ల వ్యాపారం.

కానీ 2020లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం మార్గదర్శకాలు చూస్తే, చాలా రకాల జీర్ణ సమస్యలకు ప్రోబయాటిక్ సప్లిమెంట్లను సిఫారసు చేయలేదు. కొన్ని ప్రత్యేక సందర్భాల్లో, కొన్ని ప్రత్యేక రకాలకే ఓకే చెప్పింది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, సీరియస్ జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా ఇవి వాడకూడదు.

పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడుపెట్టడం తెలుగిళ్లలో ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పని కాదు. అయితే ఇంటి పెరుగులో ఏ బ్యాక్టీరియా ఎంత ఉంటుందన్నది ఇంటికో తీరుగా, తోడుకో తీరుగా మారుతుంది. కాబట్టి దాన్ని మందుగా లెక్కేయకూడదు, మంచి తిండిగా తినాలి. దాంతో పాటు పీచు ఉన్న కూరలు, పప్పులు, రోజూ నడక, సరిపడా నిద్ర, పొగకు మద్యానికి దూరం.. వీటికి సమానమైన క్యాప్సూల్ ఇంతవరకు రాలేదు. మితంగా తిని, శుభ్రంగా ఉండి, మద్యం మానమని మెచ్నికాఫ్ తన పుస్తకంలో రాసిన ఆ పాత సలహాలే నేటికీ గట్టిగా నిలబడ్డాయి. ప్రకటనల్లోకి ఎక్కనివి కూడా అవే.